మలుపులో జారే చిన్న రేసు కారు

ప్రశ్న: వెనక చక్రాలతో నడిచే క్యోషో మినీ-జెడ్ అనే చిన్న రిమోట్ కారు నా దగ్గర ఉంది. ఇండోర్ ఫోమ్ ట్రాక్ మీద మలుపు దాటుతూ వేగం పెంచగానే వెనక భాగం జారి, కారు గిర్రున తిరిగిపోతోంది. మోటారు మార్చాలా?

జవాబు: మోటారు జోలికి ఇప్పుడే వెళ్ళకండి. 1999లో జపాన్‌లో మొదలైన ఈ కార్లు అసలు కారులో దాదాపు 28వ వంతు ఉంటాయి కనుక, ఇంత తేలిక బండికి శక్తి కన్నా పట్టే ముఖ్యం. ముందు టైర్ల కన్నా వెనక టైర్లు మెత్తటి రబ్బరువి వేయండి. వాటిని రెండు వైపులా అంటుకునే పలచని టేపుతో రిమ్ములకు అతికించండి; వేలితో పక్కకు నెట్టినప్పుడు టైరు అంచు లేస్తున్నదంటే, మిగతా సర్దుబాట్లు ఎన్ని చేసినా వృథాయే. ట్రాక్ మీది దుమ్ము కూడా పట్టును తగ్గిస్తుంది, కాబట్టి టైర్లను తరచూ తుడవాలి.

ఆ తరువాత మోటారు భాగాన్ని ఛాసిస్‌కు, అంటే కారు అడుగు చట్రానికి, కలిపే టీ-ప్లేటును చూడండి. మెత్తటి ప్లేటు వెనక పట్టును పెంచుతుంది, కానీ మరీ మెత్తనైతే కారు మలుపుకు మందకొడిగా స్పందిస్తుంది. బాల్ డిఫరెన్షియల్ (మలుపులో రెండు వెనక చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే భాగం) ఉంటే, రెండు వెనక చక్రాలను గట్టిగా పట్టుకొని పెద్ద పళ్ళచక్రాన్ని బొటనవేలితో తిప్పి చూడండి. అది సులువుగా జారితే డిఫరెన్షియల్ మరను కొద్దిగా బిగించండి.

ఒకసారికి ఒక్క మార్పే చేసి, కొన్ని ల్యాప్‌లు నడపండి. నా మటుకు టైర్లతోనే మీ సమస్య చాలావరకు తీరుతుందని నమ్మకం. పట్టు మరీ ఎక్కువై మలుపులో కారు పల్టీ కొడితే, ముందు టైర్లను మరింత గట్టి రకానికి మార్చండి.