ఆది జాకెట్ మార్చు, చెల్లే

హనుమకొండ,
ఆదివారం పొద్దున.

చెల్లెకు అక్క దీవెనలు.

మొన్న ఫోన్‌లో నువ్వన్న మాట నా మనసులోనే ఉండిపోయింది. "బీరువ నిండ బట్టలున్నయి అక్కా, ఏసుకుందామంటే ఒక్కటి లేదు" అన్నావు. పాత డ్రెస్సులు పట్టడం లేదని, కొత్తవి వేసుకుంటే అద్దంలో నీకు నువ్వే నచ్చడం లేదని మానేరు డ్యాం కట్ట మీద వాకింగ్ కూడా మానేశావట. పొద్దంతా నైటీ, గేటు దగ్గరికి కూరగాయల బండి వస్తే పైన ఒక చున్నీ. నలభై ఏడేళ్లకే బట్టల కోసం నువ్వు బయటికి రావడం తగ్గించుకున్నావంటే నాకు బాధగా ఉంది. ఫోన్‌లో చెబితే సగం మరిచిపోతావని కాగితం మీద పెడుతున్నా. ముప్పై ఏళ్లు మిషన్ తొక్కాను, ఎక్కువగా నీ వయసు ఆడవాళ్లకే కుట్టాను. వాళ్ల దగ్గర చూసి నేర్చుకున్నదే ఇదంతా.

ముందు ఆ ఆది జాకెట్ సంగతి. నువ్వు ఇప్పటికీ టైలర్ చేతిలో పెడుతున్నది చిన్నోడి తొట్టెల నాడు కుట్టించుకున్న జాకెట్టే. వాడిప్పుడు ఇంజనీరింగ్ చదువుతున్నాడు. నెలసరి ఆగే వయసు దగ్గరపడ్డప్పుడు, తూకం పెద్దగా పెరగకపోయినా కొవ్వు నడుము చుట్టూ, పొట్ట మీదికి చేరుతుంది. దండచేతులు లావవుతాయి, ఛాతీ కిందికి దిగుతుంది, వీపు కొంచెం ముందుకు వంగుతుంది. చాలామందికి జరిగేదే ఇది. పాత ఆది ఇస్తే టైలర్ ఏం చేస్తాడు? పక్క కుట్లు అర అంగుళం వదులు చేస్తాడు. భుజం పాతదే, చంక పాతదే. అందుకే చెయ్యి ఎత్తితే జాకెట్ మొత్తం పైకి లేస్తుంది. నువ్వేమో "లావైపోయిన" అనుకుని ఇంట్లో కూర్చుంటావు.

ఆ జాకెట్ ఇంక ఇవ్వకు. టేపుతో కొత్తగా కొలవమను. ఛాతీ, నడుము, బొడ్డు దగ్గర పొట్ట, తుంటి, దండచెయ్యి, ఒక భుజం చివరి నుంచి ఇంకో భుజం చివరి దాకా వీపు. కొలిచేటప్పుడు పొట్ట లోపలికి లాగకు, మామూలుగా నిలబడు.

ఇంకో మాట, సిగ్గుపడకుండా విను. కొలతలు ఇచ్చే ముందు కొత్త బ్రా కొనుక్కో. షాపులో పదేళ్లుగా అదే సైజ్ అడుగుతున్నావు. బరువంతా భుజాల మీది పట్టీలు మోస్తే అక్కడ గుంటలు పడతాయి, మెడ లాగుతుంది. బరువు మోయాల్సింది వీపు చుట్టూ ఉండే పట్టీ. అది ముందూ వెనకా ఒకే ఎత్తులో ఉండాలి, వెనక పైకి పాకుతోందంటే వదులైందన్నట్టు. కొత్తది అన్నిటికన్నా వదులుగా ఉండే కొక్కెంలో సరిగ్గా పట్టాలి, సాగేకొద్దీ లోపలి కొక్కేలకు మారతావు. ఇదొక్కటి సరిచేసుకుంటే పాత డ్రెస్సుల్లో కూడా కొన్ని మళ్లీ ఒంటి మీద బాగా కూర్చుంటాయి.

నువ్వు చేస్తున్న ఇంకో పొరపాటు నేను కూడా చేశాను, పొట్ట కనిపించొద్దని అన్నీ వదులువే వేసుకోవడం. అలాంటి బట్ట ఛాతీ దగ్గర నుంచి నేరుగా కిందికి వేలాడుతుంది, చూసేవాళ్లకు ఒళ్లంతా ఛాతీ అంత వెడల్పుగా అనిపిస్తుంది. నా దగ్గరికి ఒక లెక్చరర్ వచ్చేది. ఒకసారి నాలుగు డబుల్ ఎక్సెల్ టాపులు తెచ్చి, ఇంకా వదులు చేయమంది. ఒకటి తొడిగించి అద్దం ముందు నిలబెట్టాను. చెల్లే, ఏ బట్ట అయినా ముందు భుజం కుట్టు చూడు. భుజం చివర వేలితో నొక్కితే ఒక ఎముక తగులుతుంది, చెయ్యి కలిపే కుట్టు సరిగ్గా దాని మీద కూర్చోవాలి. ఆమెకు ఆ కుట్టు రెండు అంగుళాలు జారి దండ మీద ఉంది. గుండుసూదులు పెట్టి దాన్ని ఎముక మీదికి ఎత్తాను. ఛాతీ కింద రెండు పక్కలా చిటికెడు చిటికెడు బట్ట పట్టాను. పొట్ట దగ్గర అసలు ముట్టుకోలేదు. ఆమె పక్కకు తిరిగింది, మళ్లీ ముందుకు తిరిగింది, ఏమీ అనకుండా అద్దం దగ్గరికి ఇంకో అడుగు వేసింది. మిగతా మూడూ అలాగే సరిచేయించుకుంది. భుజం, ఛాతీ కింద సరిపోయిన బట్ట పొట్ట మీద వదులుగా ఉన్నా బాగుంటుంది.

టాప్ పొడవు గురించి. తొడ లావుగా ఉన్నచోట అంచు ఆగితే చూపు అక్కడే ఆగుతుంది. నీ ఎత్తుకు మోకాలి కింద రెండు మూడు అంగుళాలు బాగుంటుంది. చెయ్యి కూడా అంతే. దండ మధ్యలో ఆగే పొట్టి చేతులు వద్దు, మోచెయ్యి దాటి త్రీఫోర్త్ పెట్టించు. మెడ మరీ మూసినట్టు వద్దు, కొంచెం వి నెక్ అయితే ముఖం తేటగా కనిపిస్తుంది. సైడ్ కట్ సంగతి మాత్రం కుర్చీలో కూర్చుని చూసుకో. కూర్చోగానే కట్ విచ్చుకుని ముందు భాగం పొట్ట మీదికి ఎక్కుతోందంటే తుంటి దగ్గర బట్ట చాలలేదు. తుంటి కొలతకు మూడు అంగుళాలైనా ఎక్కువ ఉండాలి. నిలబడి అద్దంలో చూసుకుని తెచ్చుకున్న డ్రెస్సులే తర్వాత బస్సులో, పేరంటంలో ఇబ్బంది పెడతాయి.

లెగ్గింగులు ఇంట్లోకి ఉంచుకో, బయటికి కాటన్ స్ట్రెయిట్ ప్యాంట్ కుట్టించు. ముందు సాదా పట్టీ, వెనక మాత్రమే ఎలాస్టిక్, చీలమండ పైదాకా పొడవు. ముందు ఎలాస్టిక్ కుచ్చులు లేకపోతే పొట్ట మీద బట్ట ఉబ్బదు.

బట్ట కొనేటప్పుడు మన ఎండలు, నీకొస్తున్న వేడి ఆవిర్లు రెండూ గుర్తుపెట్టుకో. సింథటిక్ నీకు పడదు. రేయాన్ మెత్తగా ఒంటి మీద జారుతుంది, చూడ్డానికి బాగుంటుంది, కానీ చాలావరకు కుంచించుకుపోతుంది. ఇక్కడే ఒక షోరూంలో కొన్న రేయాన్ టాప్ రెండు ఉతుకులకే మోకాలి మీదికి వచ్చేసింది. తీసుకెళ్లి చూపిస్తే ఉతికింది మార్చేది లేదన్నారు. అప్పట్నుంచి రేయాన్ గానీ, కాటన్ గానీ రాత్రంతా నీళ్లలో నానబెట్టి, నీడలో ఆరేసి, ఇస్త్రీ చేశాకే కత్తెర పెడుతున్నా. నువ్వూ ఆరేశాకే టైలర్‌కు ఇవ్వు.

వరంగల్ నేత అనగానే అందరికీ కొత్తవాడ జంపఖానాలు గుర్తొస్తాయి, వాటికి 2018లో జీఐ (భౌగోళిక గుర్తింపు) కూడా వచ్చింది. ఒంటి మీదికైతే పోచంపల్లి కాటన్ తీసుకో. నూలుకు ముందే ముడులు కట్టి, రంగులద్ది, ఆ తర్వాత నేస్తారు, అందుకే డిజైన్ రెండు వైపులా కనిపిస్తుంది. వెనక్కి తిప్పి చూడు, అటువైపు వెలిసినట్టుంటే అది ప్రింట్. పన్నా, అంటే బట్ట వెడల్పు, 44 అంగుళాలుంటే నీ టాప్‌కు రెండున్నర మీటర్లు చాలు. పెద్ద డైమండ్ డిజైన్ పొట్ట మీదికి రాకుండా కింది అంచులోకి వచ్చేలా కత్తిరించమని టైలర్‌కు ముందే చెప్పు. కత్తిరించాక చెబితే లాభం లేదు.

రంగుల గురించి నీకు కోపం వచ్చినా సరే రాస్తాను. మీ ఆడపడుచు "ఈ వయసుల గంత రంగేంది" అన్నదని అన్నీ బిస్కెట్ రంగు, బూడిద రంగు కొన్నావు. నీ చామనచాయకు అవి ముఖాన్ని వాడిపోయినట్టు చూపిస్తాయి. నెమలికంఠం రంగు, వంకాయ రంగు, ముదురు ఆకుపచ్చ, పసుపుకొమ్ము రంగు నీకు ఎప్పుడూ అందమే. సద్దుల బతుకమ్మ నాడు ఆ వంకాయ రంగు చీరలో నువ్వు ఆడుతుంటే నేను పక్కన నిలబడి చూశాను కదా. షాపులో లైట్ల కింద నిర్ణయించకు. బట్టను గుమ్మం దాకా తెచ్చి, పగటి వెలుగులో గడ్డం కింద పెట్టుకుని చూడు. తడి చేతిరుమాలుతో ఒక మూల రుద్దితే రంగు దిగుతుందో లేదో కూడా అక్కడే తెలుస్తుంది.

చీరలు మానకు. సిద్దిపేట గొల్లభామ కాటన్ నీకు ఒకటైనా ఉండాలి, తలమీద కుండతో ఉన్న ఆ బొమ్మ సన్న అంచు మీద ఎంత బాగుంటుందో. 2012లో దానికీ జీఐ వచ్చింది. కాటన్ చీరకు గంజి పల్చగా పెట్టు, చిక్కగా పెడితే కుచ్చిళ్లు ఉబ్బి నడుము దగ్గర లావు చూపిస్తాయి. రవిక ఒక అంగుళంన్నర కిందికి పెంచి కుట్టించు.

లంగా బొందె మాత్రం ఈ వారమే మార్చు. నడుము మీద నల్లటి చార పడిందని చెప్పావు. నడుముకు బొందెగానీ, చీరగానీ బిగుతుగా ఏళ్ల తరబడి ఒకేచోట కట్టి, అక్కడ పుండు పడి మానక, చివరికి అది చర్మ క్యాన్సర్‌గా మారిన ఇద్దరు ఆడవాళ్ల గురించి మహారాష్ట్ర, బీహార్ డాక్టర్లు 2024లో ఒక వైద్య పత్రికలో రాశారు. అలాంటివి అరుదే, నువ్వు భయపడాలని చెప్పడం లేదు. మూడు అంగుళాల వెడల్పు పట్టీ వేసి కుట్టిన లంగా వాడు, రోజూ ఒకేచోట బిగించకు. అక్కడ మానని పుండు ఉంటే మాత్రం డాక్టర్‌కు చూపించు.

అన్ని టాపులకూ కుడి పక్క కుట్టులో జేబు పెట్టించు. ఫోన్, తాళంచెవి, బస్సులో ఫ్రీ టికెట్‌కు ఆధార్ కార్డు పట్టాలి. వాకింగ్‌కు బ్యాగు మోయాల్సిన పని ఉండదు. టైలర్ మరిచిపోతాడు, రెండుసార్లు చెప్పు.

ఒకేసారి పదీ పన్నెండు కొనకు. నాలుగు టాపులు, రెండు ప్యాంట్లు చాలు, ప్యాంట్లలో ఒకటి తెలుపు కాని లేత రంగు, ఒకటి ముదురు నీలం. బీరువాలో పట్టనివన్నీ ఒక సంచిలో వేసి నా దగ్గరికి తీసుకురా. కుట్టు లోపల బట్ట వదిలినవి ఉంటే విప్పి చూస్తాను, లేనివి ఎవరికైనా పనికొస్తాయి.

వచ్చే ఆదివారం పొద్దున్నే బయల్దేరు. ముందు వరంగల్ చౌరస్తాలో బట్ట తీసుకుందాం, పొద్దుగూకే వేళకు భద్రకాళి కట్ట మీద నడుద్దాం. ఆ వంకాయ రంగు చీర జాకెట్ కూడా తీసుకురా, చంక దగ్గర పట్టేస్తోందన్నావు కదా, అక్కడ ఒక చిన్న ముక్క వేసి ఇస్తా. హనుమకొండ బస్టాండ్‌లో దిగగానే ఫోన్ చేయి.

నీ అక్క