నిద్రమాత్రలన్నీ ఒకే పని చేస్తాయా?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. నా వయసు 58. పడుకోగానే నిద్ర పడుతుంది గానీ, రాత్రి రెండు మూడు గంటల మధ్య మెలకువ వస్తే తెల్లవారేదాకా మళ్లీ రెప్ప పడదు. ఆరు నెలల క్రితం మా వైద్యులు క్లోనజెపామ్ రాశారు. రోజూ వేసుకుంటున్నాను. మొదట్లో ఉన్న గుణం ఇప్పుడు లేదు. మా చెల్లెలు జోల్పిడెమ్, నా స్నేహితురాలు మెలటోనిన్ వాడుతున్నారు. జలుబు మాత్ర వేసుకున్నా నిద్ర పడుతుందని ఇంకొకరు చెప్పారు. వీటి మధ్య తేడా ఏమిటి? నాది ఆపేసి వేరొకటి మొదలుపెట్టవచ్చా? - ఒక పాఠకురాలు

జవాబు: ముందు మీ చివరి ప్రశ్నకే జవాబు చెబుతాను, ఎందుకంటే తొందరపడితే ప్రమాదం అక్కడే ఉంది. ఆరు నెలలుగా రోజూ వేసుకుంటున్న క్లోనజెపామ్‌ను మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపకండి. అలా ఆపినవారిలో తీవ్రమైన ఆందోళన, చేతులు వణకడం, కొందరిలో ఫిట్స్ కూడా వస్తాయి. మందు రాసిన వైద్యుల పర్యవేక్షణలో మోతాదును కొద్దికొద్దిగా, కొన్ని వారాల నుంచి అవసరమైతే కొన్ని నెలల వరకు తగ్గించుకుంటూ రావాలి. తగ్గించిన ప్రతిసారీ రెండు మూడు రాత్రులు నిద్ర మునుపటికంటే చెడవచ్చు. జబ్బు తిరగబెట్టిందని భయపడి చాలామంది మళ్లీ పాత మోతాదుకు వెళ్లిపోతారు. నిజానికి అది మందు తగ్గినందుకు మెదడు చూపే తాత్కాలిక ప్రతిస్పందన మాత్రమే.

క్లోనజెపామ్, డయాజెపామ్, లోరాజెపామ్ వంటివి బెంజోడయాజెపైన్ వర్గానికి చెందినవి. మెదడు తనను తాను శాంతింపజేసుకోవడానికి గాబా అనే రసాయనాన్ని తయారుచేసుకుంటుంది. అది నాడీకణం మీద సంకేతాలను అందుకునే గ్రాహకానికి అతుక్కున్నప్పుడు ఒక సన్నని ద్వారం తెరుచుకుని, రుణావేశం గల క్లోరైడ్ అయాన్లు లోపలికి వెళతాయి, దాంతో ఆ కణం అంత సులభంగా ఉత్తేజితం కాదు. ఈ మందులు ఆ ద్వారాన్ని స్వయంగా తెరవవు. గాబా అతుక్కుని ఉన్నప్పుడు అది మరిన్నిసార్లు తెరుచుకునేలా చేస్తాయి. అంతకుముందు వాడుకలో ఉన్న బార్బిట్యురేట్లు అనే పాతతరం నిద్రమందులు ఎక్కువ మోతాదులో గాబాతో పని లేకుండానే ద్వారాన్ని తెరిచి ఊపిరిని ఆపేసేవి కాబట్టి, 1960ల నుంచి వైద్యులు బెంజోడయాజెపైన్ల వైపు మొగ్గారు. అయితే మద్యంతో గానీ, మార్ఫిన్ జాతికి చెందిన నొప్పి మందులతో గానీ కలిస్తే ఇవి కూడా శ్వాసను ప్రమాదకరంగా మందగింపజేస్తాయి.

రోజూ వాడుతూ ఉంటే గ్రాహకాలు మందుకు అలవాటుపడి, మొదట్లో ఉన్న ప్రభావం తగ్గిపోతుంది. మీకు జరిగింది బహుశా ఇదే. పైగా క్లోనజెపామ్ రక్తంలో సగానికి తగ్గడానికి 30 నుంచి 40 గంటలు పడుతుంది. అంటే నిన్నటి మాత్రలో సగానికి పైగా ఒంట్లో ఉండగానే ఈ రాత్రి మాత్ర వేసుకుంటున్నారన్నమాట. పగటి మగతకు, మతిమరుపుకు, వయసు పైబడినవారు తూలిపడటానికి ఇదొక ముఖ్య కారణం. ఈ మందులతో నిద్రపోయే గంటలు పెరిగినా, అందులో గాఢనిద్ర భాగం తగ్గుతుందన్న సంగతి కూడా రోగులకు ముందే చెప్పాలని నా అభిప్రాయం.

మీ చెల్లెలు వాడే జోల్పిడెమ్ పనిచేసేది కూడా గాబా గ్రాహకం మీదే, కాకపోతే మత్తును కలిగించే ఒక ఉపరకాన్నే ఎక్కువగా ఎంచుకుంటుంది. దాదాపు రెండున్నర గంటల్లో సగానికి తగ్గిపోతుంది కాబట్టి, పడుకోగానే నిద్ర పట్టనివారికి అది ఉపయోగం. నడిరాత్రి మెలకువ వచ్చే మీకు అంతగా కాదు. స్త్రీల శరీరంలో ఇది నెమ్మదిగా తగ్గుతుందని గమనించి, 2013లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ వారికి సిఫారసు చేసిన తొలి మోతాదును 10 మిల్లీగ్రాముల నుంచి 5కు తగ్గించింది. నిద్రలోనే లేచి నడవడం, వంట చేయడం, వాహనం నడపడం వంటివి ఒక్కసారి జరిగినా ఈ మందును మానేయవలసిందే.

మెలటోనిన్ మత్తు కలిగించే మందు కాదు. చీకటి పడ్డాక పీనియల్ గ్రంథి విడుదల చేసే ఈ హార్మోన్ రాత్రయిందని జీవగడియారానికి తెలియజేస్తుంది. విమాన ప్రయాణాలతో నిద్రవేళలు తారుమారైనవారికి, చాలా ఆలస్యంగా నిద్ర పట్టేవారికి సరైన వేళకు ఇస్తే మేలు చేస్తుంది.

ఇక జలుబు మాత్రలు. డైఫెన్‌హైడ్రమిన్ వంటి పాతతరం మందులు మెదడును మేల్కొలిపే హిస్టమిన్‌ను అడ్డుకుంటాయి కాబట్టి నిద్ర వస్తుంది, కానీ కొద్ది రోజుల్లోనే ఆ గుణం తగ్గుతుంది. ఎసిటైల్‌కోలిన్ అనే మరో నాడీ రసాయనాన్ని కూడా అడ్డుకోవడం వల్ల నోరు ఎండిపోవడం, మలబద్ధకం, మూత్రం ఆగిపోవడం, వృద్ధుల్లో అయోమయం కలుగుతాయి. వీటిని నిద్ర కోసం వాడవద్దనే చెబుతాను. అదే హిస్టమిన్‌ను అతి తక్కువ మోతాదులో, అంటే 3 లేదా 6 మిల్లీగ్రాముల్లో, అడ్డుకునే డాక్సెపిన్ మాత్రం మీలా మధ్యలో మేల్కొనేవారికి పరిశీలించదగినది. మరో మార్గం ఒరెక్సిన్ నిరోధకాలు. మెలకువను నిలిపి ఉంచే ఒరెక్సిన్‌ను 1998లో కనుగొన్నారు. దాన్ని అడ్డుకునే తొలి మందు సువొరెక్సాంట్‌కు 2014లో అనుమతి లభించింది. ఇవి మత్తును పెంచే బదులు మెలకువ సంకేతాన్ని తగ్గిస్తాయి. పగటిపూట ఆపుకోలేని నిద్ర ముంచుకొచ్చే నార్కోలెప్సీ అనే జబ్బు ఉన్నవారు వీటిని వాడకూడదు.

అయితే మందు మార్చే ముందు, ఆ వేళకే ఎందుకు మెలకువ వస్తోందో తేల్చుకోవాలి. గురక, మధ్యలో ఊపిరి ఆగడం, ఒంట్లో ఆవిర్లు, మూత్రానికి పదేపదే లేవడం, మనసులో దిగులు, వీటిలో ఏది ఉన్నా వైద్యులకు చెప్పండి. దీర్ఘకాలిక నిద్రలేమికి తొలి చికిత్సగా అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లో సూచించింది మాత్రలను కాదు, ఆలోచనలనూ అలవాట్లనూ సరిదిద్దే ప్రవర్తనా చికిత్సను. అందులో భాగంగా మంచం మీద గడిపే సమయాన్ని నిజంగా నిద్రపోయే గంటలకు దగ్గరగా కుదించి, నిద్ర కుదుటపడిన కొద్దీ పెంచుతారు. క్లోనజెపామ్ తగ్గిస్తున్న రోజుల్లోనే దీన్ని మొదలుపెట్టడం మీకు మంచిది.

ప్రశ్న: రాత్రి పదింటికి జోల్పిడెమ్ వేసుకుంటాను. మూడు గంటలకు మెలకువ వస్తే ఇంకో సగం మాత్ర వేసుకోవచ్చా? - ఒక పాఠకుడు

జవాబు: వద్దు. ఆ మాత్ర వేసుకున్నాక కనీసం ఏడెనిమిది గంటలు పడుకునే వీలుండాలి. మూడింటికి వేసుకుంటే, మీకు తెలివి వచ్చినట్టే అనిపించినా ఉదయం వాహనం నడిపే వేళకు చురుకుదనం మందగించి ఉంటుంది. ఈ మెలకువ సంగతి మీ వైద్యులకు చెప్పండి. మీకు సరిపడే మందు వేరే కావచ్చు.