మోర్మన్ దంపతులు కాఫీ, టీ ముట్టరు గానీ కోలా ఎలా తాగుతారు?

అమెరికాలో పుట్టిన క్రైస్తవ శాఖ అయిన వారి మతం నిషేధించింది కాఫీ, టీలనే తప్ప వాటిలోనూ కోలాలోనూ ఉండే ఉత్తేజక పదార్థం కెఫీన్‌ను కాదు కాబట్టి వారు కోలా తాగడంలో తప్పేమీ లేదు. మత స్థాపకుడు జోసెఫ్ స్మిత్ 1833లో వెలువరించిన ఆరోగ్య నియమావళి మద్యం, పొగాకులతో పాటు వేడి పానీయాలూ కూడదన్నది. అవి కాఫీ, తేయాకుతో చేసే టీ అని చర్చి పెద్దలు నిర్ధారించడంతో చల్లని ఐస్‌డ్ టీ, గ్రీన్ టీ సైతం నిషిద్ధమయ్యాయి, పొగలు కక్కే కోకోకు మాత్రం అడ్డు లేకపోయింది. ఈ నియమం పాటిస్తున్నామని చెప్పనిదే, భార్యాభర్తలను మరణానంతరమూ కలిపి ఉంచుతుందని వారు నమ్మే వివాహ సంస్కారం జరిగే ఆలయంలోకి ప్రవేశపత్రం దొరకదు కనుక, కొత్త దంపతులు దీన్ని తేలిగ్గా తీసుకోరు.

ఉదాహరణకు, అమెరికాలోని యూటా రాష్ట్రంలో ఉన్న ప్రోవో నగరంలో చదువుకుంటూ కాపురం చేసుకునే జంట ఇంట్లో సాధారణంగా కాఫీ పొడి కనిపించదు. సాయంత్రం మాత్రం కారు దిగకుండానే కొనుక్కునే సోడా దుకాణంలో, కోలాలో కొబ్బరి సిరప్, క్రీము కలిపించుకుని తాగుతారు.

కెఫీన్ మొత్తంగా నిషిద్ధమన్న అపోహ బయటివారిలోనే కాదు, మోర్మన్లలోనూ ఉండేది. అలాంటి నిషేధం లేదని చర్చి 2012లో స్పష్టం చేసినా, దశాబ్దాలుగా కెఫీన్ కూల్‌డ్రింకులు అమ్మని ప్రోవోలోని బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయం (చర్చి నడిపేదే) 2017లో గానీ వాటిని ప్రాంగణంలో అమ్మడం మొదలుపెట్టలేదు.