పి0171 కోడ్ వచ్చింది, ఆక్సిజన్ సెన్సర్ మార్చేయాలా?

ఇంకా సెన్సర్ కొనకపోతే కొంచెం ఆగండి. చెక్ ఇంజన్ లైట్ వెలిగింది, స్కానర్‌లో పి0171 వచ్చింది, మెకానిక్ ఆక్సిజన్ సెన్సర్ మార్చాలంటున్నాడు అన్నారు కదా, అచ్చం ఇదే నా బండికీ అయింది. నేను మార్పించేశా, వారం తిరక్కుండానే లైట్ మళ్ళీ వెలిగింది, సరే అని మాఫ్ సెన్సర్ (ఇంజన్‌లోకి పోయే గాలిని కొలిచేది) కూడా మార్పించా, అదీ దండగే అయింది.

ఆ కోడ్ చెప్పేది ఒక్కటే, బ్యాంక్ 1లో (మొదటి సిలిండర్ ఉన్న వైపు) మిక్స్చర్ లీన్‌గా ఉంది అని, అంటే గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ. ఏ పార్ట్ పోయిందో అది చెప్పదు. ఆక్సిజన్ సెన్సర్ బయటికి పోయే పొగలో ఆక్సిజన్ ఎంతుందో చూస్తుంది, చాలాసార్లు అది ఉన్నది ఉన్నట్టే చెప్తుంటుంది, మనం దాన్నే పీకి పారేస్తాం.

ముందు కోడ్ క్లియర్ చేయొద్దు, చేస్తే ఫ్రీజ్ ఫ్రేమ్ పోతుంది. కోడ్ పడిన క్షణంలో ఇంజన్ ఎలా ఉందో ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) దాచిపెట్టుకునే లెక్క అది. నాదాంట్లో స్పీడ్ 0, ఆర్‌పీఎం 750, ఇంజన్ బాగా వేడెక్కి ఉంది, అంటే బండి ఆగి ఐడిల్‌లో ఉన్నప్పుడే పడింది. మొదటి రోజే అది చూసుంటే రెండు సెన్సర్ల డబ్బులు మిగిలేవి.

తర్వాత లైవ్ డేటాలో ఫ్యూయల్ ట్రిమ్ చూడండి, అంటే మిక్స్చర్ సరిచేయడానికి ఈసీయూ పెట్రోల్ ఎంత శాతం పెంచుతోందో (ప్లస్), తగ్గిస్తోందో (మైనస్) చెప్పే అంకె, మామూలు బ్లూటూత్ ఓబీడీ స్కానర్ (బండి డయాగ్నస్టిక్ సాకెట్‌కి పెట్టేది) చాలు. షార్ట్ టర్మ్ (అప్పటికప్పుడు చేసే సర్దుబాటు), లాంగ్ టర్మ్ (కొంతకాలంగా నిలిచిపోయిన సర్దుబాటు) రెండూ కలిపి చూడాలి. సున్నాకి అటూ ఇటూ 5 శాతం లోపు ఉంటే బాగున్నట్టు, 10 దాటితే ఏదో ఉన్నట్టే, ప్లస్ 20, 25 దగ్గరికి పోయేసరికి చాలా బండ్లలో ఈ కోడ్ పడిపోతుంది. నాకు ఐడిల్‌లో ప్లస్ 22 ఉండేది, యాక్సిలరేటర్ తొక్కి 2500 ఆర్‌పీఎం దగ్గర పట్టుకుంటే 6కి దిగిపోయేది. ఆ దిగడమే అసలు క్లూ అండీ. ఐడిల్‌లో మానిఫోల్డ్ (సిలిండర్లకి గాలి పంచే గొట్టాలు) గట్టిగా గాలి పీలుస్తుంది, లోపలికి పోయే మొత్తం గాలేమో తక్కువ, కాబట్టి ఎక్కడైనా చిన్న కన్నం ఉన్నా మాఫ్ లెక్కలోకి రాని గాలి వాటా పెద్దదైపోతుంది, ఆర్‌పీఎం పెరిగితే ఆ వాటా చిన్నదవుతుంది. అలా కాకుండా లోడ్ పెరిగేకొద్దీ ట్రిమ్ కూడా పెరుగుతుంటే మాత్రం ఫ్యూయల్ పంపు, ఫిల్టర్, మాఫ్ మురికి వైపు చూడాలి.

ఇక లీకు పట్టడానికి పొగ పెట్టి చూస్తే అన్నిటికన్నా సేఫ్, ఏ గొట్టంలోంచి పొగ వస్తే అక్కడే. వేడి ఇంజన్ మీద కార్బ్ క్లీనర్ కొట్టి చూడమని కొందరు చెప్తారు, దయచేసి చేయకండి, మంట అంటుకుంటుంది. నాకు దొరికింది పీసీవీ గొట్టం, అంటే ఇంజన్ లోపలి ఆవిర్లని మళ్ళీ మానిఫోల్డ్‌లోకి పంపే గొట్టం. పైనుంచి చూస్తే కొత్తదానిలా ఉంది, వంపు కింద చిన్న అద్దం పెట్టి టార్చ్ కొడితే ఆయిల్ తాగి తాగి రబ్బరు ఉబ్బి మెత్తబడి ఉంది, వేలితో అలా నొక్కగానే గోరంత చీలిక తెరుచుకుంది. అంతా కలిపి జానెడు గొట్టం, రెండు క్లిప్పులు, పావుగంట పని. ఓ వారం తిప్పాక ట్రిమ్ ప్లస్ 3కి వచ్చి అక్కడే ఉంది, లైట్ మళ్ళీ రాలేదు.

ఇంకో మాట, లైట్ నిలకడగా వెలిగితే ఇలా నిదానంగా చూసుకోవచ్చు, అదే టపటపా కొట్టుకుంటుంటే మిస్‌ఫైర్ (సిలిండర్‌లో పెట్రోల్ సరిగ్గా మండకపోవడం) గట్టిగా ఉన్నట్టు, కాలని పెట్రోల్ పోయి పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ని కాల్చేస్తుంది, అప్పుడు మాత్రం బండి పక్కన ఆపేయండి.

మీ బండి బాగా వేడెక్కాక ఐడిల్‌లో ఒకసారి, 2500లో ఒకసారి ట్రిమ్ ఎంత వస్తుందో, ఫ్రీజ్ ఫ్రేమ్‌లో ఏముందో ఇక్కడ రాయండి, చూసి ఎటు వెతకాలో చెప్తా.