ట్రీ కమాండ్ వేల లైన్లు కుమ్మరిస్తుంటే ఏం చేయాలి?

మీరు అడిగినవి రెండు. ప్రాజెక్ట్ ఫోల్డర్‌లో ట్రీ (ఫోల్డర్లను, ఫైళ్లను చెట్టులా కొమ్మలుగా చూపే లినక్స్ కమాండ్) కొడితే లైన్లు ఆగకుండా పారుతున్నాయి. తెలుగు పేర్లున్న ఫైళ్ల దగ్గర అక్షరాలకు బదులు అంకెలు వస్తున్నాయి. రెండూ ట్రీతోనే సరిపోతాయి, వేరే టూల్ అక్కర్లేదు. కమాండ్లను ఇక్కడ పలికినట్టు రాస్తున్నాను, టెర్మినల్‌లో మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టండి. అక్షరం పెద్దదా చిన్నదా అన్నది జాగ్రత్తగా చూసుకోండి, ఎక్కువమంది దెబ్బతినేది అక్కడే.

ముందు లోతు తగ్గించండి: ట్రీ, మైనస్ పెద్ద ఎల్, స్పేస్, 2. రెండు మెట్లు దిగి ఆగిపోతుంది. ఇదే చిన్న ఎల్ కొడితే సింబాలిక్ లింకుల (వేరేచోటి ఫైల్‌కో ఫోల్డర్‌కో దారి చూపే షార్ట్‌కట్ల) వెంట వెళ్లమని అర్థం. అప్పుడు ఆ 2ను ఫోల్డర్ పేరనుకుని, తెరవలేకపోయానని ఎర్రర్ ఇస్తుంది.

తర్వాత చెత్త, అంటే టూల్స్ తయారుచేసి పెట్టే ఫోల్డర్లు, తీసేయాలి. మైనస్ పెద్ద ఐ, దాని పక్కన సింగిల్ కోట్స్‌లో 'నోడ్_మాడ్యూల్స్|డిస్ట్|బిల్డ్'. మధ్యలో నిలువు గీతే, కామా కాదు. కోట్స్ మరిచిపోతే ఆ గీతను షెల్ (కమాండ్లను చదివి నడిపే ప్రోగ్రామ్) పైప్ (ఒక కమాండ్ అవుట్‌పుట్‌ను ఇంకోదానికి పంపే గుర్తు) అనుకుంటుంది, డిస్ట్ అనే కమాండ్ కోసం వెతికి దొరకలేదంటుంది. నోడ్_మాడ్యూల్స్ ఒక్కటే ఇచ్చి చిన్న ఐ కొడితే ఇంకా ఘోరం: అది కొమ్మల గీతలు తీసేసే ఆప్షన్ కాబట్టి నోడ్_మాడ్యూల్స్‌ను చూపించాల్సిన ఫోల్డర్‌గా తీసుకుంటుంది. మీరు వద్దన్నదే స్క్రీన్ నిండా వస్తుంది.

డాట్ గిట్‌ను (కోడ్ మార్పుల చరిత్ర ఉండే ఫోల్డర్‌ను) మినహాయించనక్కర్లేదు, చుక్కతో మొదలయ్యేవాటిని ట్రీ ఎలాగూ చూపదు. మైనస్ చిన్న ఏ ఇచ్చారంటే మాత్రం దాన్నీ ఆ జాబితాలో చేర్చండి. ట్రీ 2.0 నుంచి మైనస్ మైనస్ గిట్‌ఇగ్నోర్ ఉంది. డాట్ గిట్‌ఇగ్నోర్ ఫైల్ (గిట్ పట్టించుకోకూడని వాటి జాబితా) సరిగ్గా రాసి ఉంటే ఈ ఒక్కటీ చాలు, నా ఓటు దీనికే. పైథాన్ ఫైళ్లు మాత్రమే కావాలంటే మైనస్ పెద్ద పీ, కోట్స్‌లో '*.పై'. దాంతోపాటు మైనస్ మైనస్ ప్రూన్ కూడా ఇవ్వండి, లేకపోతే పైథాన్ ఫైలే లేని ఫోల్డర్లు ఖాళీగా మిగిలిపోతాయి.

ఇక తెలుగు పేర్ల సంగతి. యూటీఎఫ్-8లో (అన్ని భాషల అక్షరాలను బైట్లుగా దాచే పద్ధతిలో) తెలుగు అక్షరమైనా గుణింతపు గుర్తైనా ఒక్కోటి 3 బైట్లు. లొకేల్ (సిస్టమ్ భాష, అక్షరాల సెట్టింగ్) యూటీఎఫ్-8 కానప్పుడు ట్రీ ఆ బైట్లను ఆక్టల్ (8 ఆధారంగా రాసే) అంకెలుగా అచ్చేస్తుంది: 'అ' అన్నది \340\260\205 అవుతుంది. కొమ్మల గీతలు కూడా |-- అని వస్తుంటే కారణం ఇదేనని అనుకోవచ్చు. డాకర్ కంటెయినర్లలో (ప్రోగ్రామ్‌లను విడిగా నడిపే చిన్న పెట్టెల్లాంటివాటిలో), కనీస హంగులతో పెట్టిన సర్వర్లలో ఇది మామూలే. అప్పటికప్పుడు మైనస్ పెద్ద ఎన్ ఇస్తే పేర్లు తెలుగులో కనిపిస్తాయి, గీతలు మాత్రం మారవు. అసలు మందు, లాంగ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ను సీ.యూటీఎఫ్-8కి మార్చడం.

రీడ్‌మీ (ప్రాజెక్ట్ పరిచయ ఫైల్) కోసం ట్రీ అవుట్‌పుట్‌ను ఫైల్‌లోకి పంపేటప్పుడు మైనస్ పెద్ద సీ వాడకండి, రంగుల కోడ్లు ఫైల్‌లో చెత్తగా చేరతాయి. > గుర్తుతో పంపితే షెల్ ముందుగా ఆ ఫైల్‌ను సృష్టిస్తుంది, దాంతో అది కూడా జాబితాలోకి ఎక్కుతుంది. అందుకే వేరే ఫోల్డర్‌లోకి రాయించండి. మార్క్‌డౌన్‌లో (రీడ్‌మీ రాసే పద్ధతిలో) అతికించాక పైనా కిందా మూడేసి బ్యాక్‌టిక్‌లు పెట్టకపోతే లైన్లన్నీ కలిసిపోతాయి. ఆ టెక్స్ట్‌ను స్క్రిప్ట్‌తో విడగొట్టాలనుకుంటే ఇంకో చిక్కుంది: యూటీఎఫ్-8 గీతల మధ్య ట్రీ పెట్టే ఖాళీల్లో మామూలు స్పేస్ కాక నాన్-బ్రేకింగ్ స్పేస్‌లు ఉంటాయి. ఆ పనికి మైనస్ పెద్ద జే ఇచ్చి జేసన్ (స్క్రిప్ట్‌లు తేలిగ్గా చదివే డేటా రూపం) తీసుకోవడమే మేలు.

సైజుల కోసం మైనస్ చిన్న హెచ్ ఒక్కటే ఇస్తే ఫోల్డర్ పక్కన 4.0కే లాంటి అంకె కనిపిస్తుంది. అది లోపలి ఫైళ్ల మొత్తం కాదు. మొత్తం కావాలంటే మైనస్ మైనస్ డీయూ చేర్చండి. పెద్ద డిస్క్ మీద ఆలస్యమవుతుంది, చెట్టంతా చదివాకే అచ్చేస్తుంది.

విండోస్‌లో ఉండే ట్రీ పేరుకే ఒకటి. మామూలుగా ఫోల్డర్లనే చూపుతుంది. ఫైళ్లకు /ఎఫ్, గీతలు పాడవకుండా మామూలు గుర్తులకు /ఏ. లోతు, మినహాయింపు ఆప్షన్లు దానిలో లేవు. అవి కావాలంటే డబ్ల్యూఎస్ఎల్‌లో (విండోస్‌లోనే లినక్స్ నడిపే సదుపాయంలో) ఉబుంటు తెరిచి సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ట్రీ అని కొట్టండి. మీ సీ డ్రైవ్ అక్కడ /ఎంఎన్‌టీ/సీ కింద ఉంటుంది.