గేమింగ్ విభాగాన్ని వదిలించుకుంటారట, నా షేర్లు ఉంచుకోవాలా?

ప్రశ్న: మాది హనుమకొండ. వయసు 34. హైదరాబాద్‌లో ఒక అమెరికన్ టెక్నాలజీ కంపెనీలో, గేమింగ్ విభాగం టెస్టింగ్ టీమ్‌లో నాలుగున్నరేళ్లుగా చేస్తున్నాను. కంపెనీ పేరు రాయొద్దని మనవి. కొందరు పెద్ద ఇన్వెస్టర్లు వాటా కొని, గేమింగ్‌ను వదిలించుకోమని మేనేజ్‌మెంట్ మీద ఒత్తిడి తెస్తున్నారు. ఆ వార్త వచ్చాక షేరు పెరిగింది. కంపెనీ ఇచ్చిన షేర్లు నా దగ్గర 38 లక్షల విలువైనవి ఉన్నాయి. వాటిలో 22 లక్షలవి రెండేళ్లు దాటినవి. పీఎఫ్ 9 లక్షలు, ఎఫ్‌డీ 2 లక్షలు. చేతికొచ్చే జీతం నెలకు 1.35 లక్షలు. కారు ఈఎంఐ 14 వేలతో కలిపి ఖర్చు 70 వేలు. కారు లోన్ ఇంకా 3.4 లక్షలుంది. భార్య ప్రైవేటు స్కూల్లో టీచర్, పాప రెండో తరగతి. భీమారంలో మా బాపు పేరు మీద 200 గజాల ప్లాటుంది. అందులో 45 లక్షలతో ఇల్లు కట్టాలనుకుంటున్నాం. మా అక్క వాళ్లాయన, మా బావ, ‘విడగొడితే డబుల్ అయితది, ఒక్క షేరు కూడా అమ్మకు’ అంటున్నాడు. ఆగాలా, అమ్మాలా? ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్ మాత్రం ఏటా ఐటీఆర్-1 ఫారంలో వేస్తున్నాను.

జవాబు: మీ ఉత్తరం మొత్తం షేరు ధర చుట్టూనే తిరిగింది. నాకు టెన్షన్ పెట్టింది మాత్రం ‘గేమింగ్ విభాగం టెస్టింగ్ టీమ్’ అన్న మాట. ఆ ఇన్వెస్టర్లు వదిలించుకోమంటున్న విభాగంలోనే మీ జీతం ఉంది. వాళ్ల మాట నెగ్గితే షేరు పెరగొచ్చు, అదే రోజు మీ ఉద్యోగం ఇంకొకరి చేతిలోకి పోవచ్చు. వాళ్ల మాట చెల్లకపోతే ఆ వార్త మీద పెరిగిన ధర దిగొచ్చు, ఖర్చు తగ్గించామని చూపించడానికి మేనేజ్‌మెంట్ అదే విభాగంలో కోతలు పెట్టొచ్చు. రెండు వైపులా మీకు దెబ్బ తగిలే వీలుంది. మీ బావ వాటాదారుగా మాట్లాడుతున్నారు. మీరు వాటాదారే కాదు, జీతగాడు కూడా. నా సలహా మొత్తం దీని మీదే నడుస్తుంది.

ఇలాంటి ఇన్వెస్టర్లు చేసే పని కొత్తదేమీ కాదు. ఒకటి రెండు శాతం వాటా కొంటారు, బోర్డుకు లేఖ రాస్తారు, బోర్డులో సీటు అడుగుతారు, కుదరకపోతే మిగతా వాటాదారుల ఓట్లు కూడగడతారు. గేమింగ్ మీద వాళ్ల వాదనలోనూ పస ఉంది. కన్సోల్ (టీవీకి తగిలించి ఆటలాడే యంత్రం) మీద లాభం తక్కువ, ఒక్కోసారి నష్టానికే అమ్మాలి. ఆ డబ్బు ఆటల మీద, చందాల మీద తిరిగి రావాలి. ఒక పెద్ద ఆట తయారవడానికి ఏళ్లు పడుతుంది, తీరా వచ్చాక ఆడకపోతే పెట్టిందంతా పోతుంది. పక్కనే క్లౌడ్ వ్యాపారం ఏటా నిలకడగా లాభం తెస్తుంటే, ఆ పెట్టుబడి ఇటెందుకని అడగడం తప్పు కాదు. వాళ్లను విలన్లుగా చూడకండి. వాళ్ల లెక్కలో మీ కారు ఈఎంఐ మాత్రం ఉండదు.

మైక్రోసాఫ్ట్ సంగతి చూడండి. 2013 ఏప్రిల్‌లో వాల్యూయాక్ట్ అనే ఇలాంటి ఇన్వెస్టర్ సంస్థ అందులో దాదాపు 200 కోట్ల డాలర్ల వాటా కొన్నట్టు బయటపెట్టింది. మొత్తం కంపెనీలో అది ఒక శాతం కూడా కాదు. అదే ఏడాది ఆగస్టులో అప్పటి సీఈఓ స్టీవ్ బామర్ తప్పుకుంటున్నట్టు ప్రకటించారు. 2014లో వాల్యూయాక్ట్ మనిషి బోర్డులోకి వచ్చారు. కంపెనీ గేమింగ్ వ్యాపారమైన ఎక్స్‌బాక్స్‌ను వదిలేయాలన్న మాట ఆ రోజుల్లో బయట గట్టిగానే వినిపించింది. కంపెనీ సహ వ్యవస్థాపకుడు పాల్ ఆలెన్ పెట్టుబడులు చూసే వ్యక్తే 2013 నవంబరులో ఆ మాట బాహాటంగా అన్నారు. 2014 ఫిబ్రవరిలో మన హైదరాబాద్ బిడ్డ సత్య నాదెళ్ల సీఈఓ అయ్యారు. ఎక్స్‌బాక్స్‌ను అమ్మలేదు సరికదా, అదే ఏడాది మైన్‌క్రాఫ్ట్ ఆట చేసిన మోజాంగ్‌ను 250 కోట్ల డాలర్లకు కొన్నారు. 2022 జనవరిలో ఆటలు తయారుచేసే యాక్టివిజన్ బ్లిజార్డ్‌ను 6,870 కోట్ల డాలర్లకు కొంటామని ప్రకటించి, 2023 అక్టోబరులో కొనేశారు.

నాదెళ్ల సీఈఓ అయిననాడు మైక్రోసాఫ్ట్ షేరు 40 డాలర్ల లోపు, 2024 జనవరికి 400 దాటింది. దీన్ని పట్టుకుని ‘అమ్మకపోవడమే మేలు’ అనుకోకండి. ఆ పెరుగుదల ఎక్కువగా క్లౌడ్‌ది. 2024 ఆర్థిక సంవత్సరం ఆదాయంలో గేమింగ్ వాటా పదో వంతు కూడా లేదు. ఇంకొక తేదీ గుర్తుపెట్టుకోండి: యాక్టివిజన్ చేతికొచ్చిన మూడు నెలలకు, 2024 జనవరిలో, గేమింగ్ విభాగంలో 1,900 మందిని తీసేశారు. షేరు 400 దాటిన నెలా, ఆ ఉద్యోగాలు పోయిన నెలా ఒకటే.

విడగొడితే డబుల్ అవుతుందన్న మాటకు వద్దాం. అమ్మడం వేరు, విడగొట్టడం వేరు. అమ్మితే డబ్బు కంపెనీకి వస్తుంది, మీ చేతికి నేరుగా ఏమీ రాదు. విడగొడితే కొత్త కంపెనీ షేర్లు మీ ఖాతాలో పడతాయి, పాత షేరు ధర ఆ మేరకు తగ్గుతుంది. రిలయన్స్ నుంచి జియో ఫైనాన్షియల్ 2023లో విడిపోయినప్పుడు చూశారు కదా, షేరుకు షేరు ఇచ్చారు, రిలయన్స్ ధరలోంచి దాదాపు 262 రూపాయలు ఆ రోజే విడిగా లెక్కకొచ్చాయి. విలువ రెండు చోట్లకు చేరిందంతే. ఆ తర్వాత ఏది పెరుగుతుందో ఎవరూ చెప్పలేరు. కార్ల్ ఐకాన్ అనే ఇలాంటి ఇన్వెస్టరే పట్టుబట్టాక, ఆన్‌లైన్ అమ్మకాల కంపెనీ ఈబే 2015లో తన చెల్లింపుల వ్యాపారం పేపాల్‌ను విడగొట్టింది. పేపాల్ షేరు 40 డాలర్ల దరిదాపుల్లో మొదలై 2021లో 300 దాటింది, 2023 చివర్లో 60 కంటే కిందికి పడింది. 2018లో అమ్మినవాడిదీ, 2021లో కొన్నవాడిదీ ఒకే షేరు, ఫలితం మాత్రం ఒకటి కాదు. పైగా విదేశీ కంపెనీ విడిపోతే మనకు పన్ను ఎలా పడుతుందన్నది ఇక్కడి కంపెనీలంత సూటిగా ఉండదు. అలాంటిది జరిగితే ముందు సీఏను అడిగి ఆ తర్వాతే కదలండి.

ఇప్పుడు మీ ఇంటి లెక్క. మీ దగ్గరున్నది మొత్తం 49 లక్షలు, అందులో 38 లక్షలు ఒక్క షేరులోనే. అంటే నాలుగింట మూడు వంతుల పైనే. గేమింగ్ ఉన్నా పోయినా ఇది తగ్గాల్సిందే. అంతా ఒకేరోజు అమ్మమనను. మన దగ్గర మిర్చి రైతు కొన్ని బస్తాలు ఎనుమాముల మార్కెట్‌కు తోలి, కొన్ని కోల్డ్ స్టోరేజీలో పెడతాడు. ధర పెరుగుతుందో పడుతుందో తెలియనప్పుడు అదే పద్ధతి. మీరూ మూడు విడతల్లో, క్వార్టర్ ఫలితాలు వచ్చాక ట్రేడింగ్ విండో (ఉద్యోగులను షేర్లు అమ్ముకోనిచ్చే గడువు) తెరిచినప్పుడల్లా కొంత అమ్మండి. ఆ విభాగంలోనే ఉన్నారు కాబట్టి బయటికి రాని సంగతులు మీ చెవిన పడొచ్చు. అలాంటిదేదైనా తెలిస్తే, విండో తెరిచే ఉన్నా కంపెనీలో రూల్స్ చూసే కంప్లయన్స్ వాళ్లను అడగకుండా ఒక్క షేరు కూడా కదపకండి. దీంట్లో మొహమాటం వద్దు, ఉద్యోగమే పోతుంది.

ముందుగా రెండేళ్లు నిండని 16 లక్షల షేర్లు. చాలామంది వీటిని అమ్మితే మొత్తం మీద పన్ను పడుతుందని భయపడతారు. షేర్లు మీకు వెస్ట్ అయిన, అంటే పూర్తిగా మీ సొంతమైన రోజునే ఆ విలువ మీద జీతంతో కలిపి పన్ను కోసేశారు. ఆ రోజు విలువే మీ కొన్న ధర. ఆపైన పెరిగిన దాని మీదే ఇప్పుడు మీ స్లాబు ప్రకారం పన్ను. వీటిలో 8 లక్షలవి అమ్మండి. కారు లోన్ 3.4 లక్షలు తీర్చేయండి, నెలకు 14 వేలు మిగులుతాయి. ఇంకో 4 లక్షలు మీ ఎఫ్‌డీ 2 లక్షలకు కలపండి. అప్పుడు ఈఎంఐ లేని మీ ఖర్చు 56 వేలకు పది నెలలకు పైగా సరిపోయే డబ్బు పక్కనుంటుంది. మామూలుగా ఆరు నెలలు చాలంటాను. మీ విభాగం గాలిలో ఉంది కాబట్టి పది. మిగిలిన 8 లక్షల షేర్లు, కంపెనీ మీద నమ్మకముంటే, ఉంచుకోండి. బావ కోరిక కూడా తీరుతుంది.

రెండేళ్లు దాటిన 22 లక్షలవి ఇంటికి. విదేశీ షేరు 24 నెలలు దాటితే లాభం మీద 12.5 శాతం పన్ను, మన దేశపు లిస్టెడ్ షేర్లకున్న 1.25 లక్షల మినహాయింపు దీనికి రాదు. వెస్ట్ అయిన రోజు వాటి విలువ 13 లక్షలనుకుంటే లాభం 9 లక్షలు, సెస్సుతో పన్ను 1,17,000. అయితే అమ్మగా వచ్చిన మొత్తం డబ్బును మూడేళ్లలో మన దేశంలో ఇల్లు కట్టుకోవడానికి పెడితే ఈ పన్ను కట్టనక్కర్లేదు. అమ్మే నాటికి మీ పేరు మీద ఒకటి కంటే ఎక్కువ ఇళ్లు ఉండకూడదు. రిటర్న్ గడువులోగా ఖర్చుకాని సొమ్మును బ్యాంకులో క్యాపిటల్ గెయిన్స్ ఖాతాలో వేయాలి. మేస్త్రీకిచ్చినా, సిమెంటుకిచ్చినా బ్యాంకు ద్వారానే ఇచ్చి బిల్లు దాచండి.

చిక్కంతా ప్లాటు దగ్గరుంది. అది బాపు పేరు మీద ఉంది. తండ్రి స్థలంలో కొడుకు కట్టిన ఇంటికి మినహాయింపు అడిగితే ప్రశ్నలు వస్తాయి, బ్యాంకు లోన్ కూడా తేలిగ్గా రాదు. కట్టే ముందే గిఫ్ట్ డీడ్ చేయించుకోవడం మంచిది. కానీ మీకు అక్క ఉంది. ఆమెకు చెప్పకుండా, బావతో షేర్ల ముచ్చటే మాట్లాడుతూ, ప్లాటు మీ పేరు మీదికి మార్పించుకోకండి. బాపు, అమ్మ, అక్క, బావ అందరూ ఉన్నప్పుడు ఇంట్లో కూర్చుని మాట్లాడండి. అక్కకు ఏమివ్వాలనుకుంటున్నారో బాపు నోటితోనే చెప్పించండి, కాగితం మీద పెట్టండి. ఇంటికి సున్నం వేసేటప్పటికి అక్కాతమ్ముళ్ల మధ్య మాటల్లేని కుటుంబాలను ఈ ఊళ్లో నేను చాలా చూశాను. వాటిలో ఏదీ డబ్బు లేక చెడింది కాదు.

45 లక్షల ఇల్లు ఇప్పుడే వద్దు. పైన ఇంకో అంతస్తు పడేలా పిల్లర్లు వేసి, 30 లక్షల్లో కింది పోర్షన్ కట్టండి. 22 పోను 8 లక్షలకే లోన్ కావాలి. ఎనిమిది శాతం వడ్డీకి పదేళ్లకైతే ఈఎంఐ దాదాపు 9,700. ఉద్యోగం మారి జీతం తగ్గినా మోయగలిగిన బరువది. 23 లక్షల లోన్ అలా కాదు.

మీరు చివర్లో ఒక వాక్యంలో తేల్చేసిన ఐటీఆర్-1 సంగతి అన్నిటికంటే అర్జంటు. విదేశీ షేర్లున్నవాళ్లు ఐటీఆర్-1 వేయకూడదు. ఒక్క షేరు అమ్మకపోయినా ఐటీఆర్-2లో విదేశీ ఆస్తుల షెడ్యూల్ నింపాలి. చూపకపోతే నల్లధనం చట్టం కింద ఏడాదికి 10 లక్షల జరిమానా వేసే అధికారం ఆదాయపు పన్ను శాఖకుంది. స్థిరాస్తి కాని విదేశీ ఆస్తులు 20 లక్షల లోపున్నవాళ్లకు 2024 అక్టోబరు నుంచి దీనిలో ఊరటనిచ్చారు, మీవి 38 లక్షలు. డివిడెండ్ వచ్చి ఉంటే అదీ చూపించాలి. అక్కడ కోసిన 25 శాతానికి ఇక్కడ క్రెడిట్ దొరుకుతుంది. పాత ఏళ్ల రిటర్న్‌లు ఎలా సరిదిద్దాలో విదేశీ షేర్ల పని తెలిసిన సీఏతో ఈ వారమే కూర్చోండి. ఇంకొకటి: అమెరికా షేర్లు 60 వేల డాలర్లు దాటి ఉండగా మనిషికి ఏదైనా జరిగితే, అక్కడి ఎస్టేట్ పన్ను 40 శాతం దాకా పడొచ్చు. ఇంకొన్ని వెస్టింగ్‌లు కలిస్తే మీరూ ఆ గీత దగ్గరికి రావచ్చు. ఎప్పటికప్పుడు అమ్మమనడానికి అదీ ఒక కారణం.

ఉద్యోగం వైపు కూడా కొన్ని పనులున్నాయి. వెస్ట్ కాని షేర్లు విభాగం అమ్ముడైతే రద్దవుతాయో, కొన్న కంపెనీ షేర్లుగా మారతాయో మీ గ్రాంట్ అగ్రిమెంట్‌లో (షేర్లిస్తూ కంపెనీ రాసిచ్చిన ఒప్పందంలో) ఉంటుంది, చదవండి. గ్రాట్యుటీకి ఐదేళ్లు నిండాలి, మీకు నాలుగున్నరే. కొత్త యజమాని ఆఫర్ లెటర్ ఇస్తే పాత సర్వీసు కలుస్తుందని అందులో రాసి ఉండాలి, లేకపోతే సంతకానికి ముందే అడగండి. మీరూ, భార్యా, పాపా కంపెనీ ఇన్సూరెన్స్ మీదే ఉంటే, ఉద్యోగంలో ఉండగానే సొంతంగా 10 లక్షల ఫ్యామిలీ ఫ్లోటర్ (ఇంటిల్లిపాదికీ కలిపి ఒకే ఆరోగ్య బీమా) తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి దాని ప్రీమియం మీద జీఎస్టీ లేదు. బాపుకు పాత ఉద్యోగం నుంచి రిటైర్మెంట్ మెడికల్ కార్డు ఏదైనా ఉందా, రెన్యువల్ ఏమైనా ఉందా కనుక్కోండి.

షేర్లున్న బ్రోకర్ ఖాతాకు లాగిన్ చాలామందికి ఆఫీసు ఈమెయిల్‌తోనే ఉంటుంది. లేఆఫ్ మెయిల్ వచ్చిన గంటలో అది ఆగిపోతుంది. ఈ రాత్రే సొంత ఈమెయిల్, సొంత ఫోన్ నంబరు దానికి జతచేసి, ప్రతి వెస్టింగ్ తేదీ, ఆ రోజు ధర ఉన్న స్టేట్‌మెంట్లన్నీ దింపుకుని పెట్టుకోండి. సీఏ మొదట అడిగేవి అవే.