తాతగారి మండువా ఇల్లు బాగు చేయిస్తే పన్ను తగ్గుతుందా?

ప్రశ్న: విజయవాడ మొగల్రాజపురంలో గుహలకు దగ్గరగా మా తాతగారు కట్టించిన మండువా ఇల్లు ఉంది. టేకు స్తంభాలు, గానుగ సున్నం గోడలు. నాకు, తమ్ముడికి చెరి సగం. బ్యాంకు లోను తీసుకుని బాగు చేయించి, ముందు భాగం క్లినిక్కుకు అద్దెకిచ్చి, వెనక మేం ఉండాలనుకుంటున్నాం. పాత కట్టడం బాగు చేస్తే ఖర్చులో 20 శాతం పన్నులో తగ్గిస్తారని అమెరికాలో ఉన్న తమ్ముడు అంటున్నాడు. నిజమేనా?

జవాబు: మీ తమ్ముడు చెప్పింది అక్కడి చట్టం. అక్కడ కూడా చారిత్రక కట్టడంగా గుర్తింపు ఉండి, ఆదాయం తెచ్చే భవనాలకే ఆ 20 శాతం వర్తిస్తుంది. అదీ ఐదేళ్లలో సర్దుతారు. సొంతంగా కాపురముండే ఇంటికి రాదు.

మన ఆదాయపు పన్ను చట్టంలో సొంత పాత ఇంటిని నిలబెట్టుకున్నందుకంటూ విడిగా రాయితీ లేదు. అద్దె ఆదాయంలో మరమ్మతుల కింద 30 శాతం మినహాయిస్తారు. మీరు పది లక్షలు పెట్టినా, పైసా పెట్టకపోయినా అదే 30 శాతం. సున్నం గోడను సున్నంతోనే బాగు చేయించే మనిషికి ఇది అన్యాయమేనని నా అభిప్రాయం. చట్టం మారాలి.

మీకు ఉపయోగపడేది లోను వడ్డీ. ఉదాహరణకు ఏడాదికి అద్దె 3 లక్షలు, కట్టిన ఇంటి పన్ను 10 వేలు అనుకుందాం. మిగిలిన 2,90,000లో 30 శాతం, అంటే 87 వేలు తీసేస్తే 2,03,000. అద్దె భాగానికి వాడిన లోనుపై వడ్డీ 1,20,000 అయితే పన్ను పడేది 83 వేలకే. కొత్త పన్ను విధానంలోనూ ఇది దొరుకుతుంది. మీరుండే భాగం మరమ్మతుకు వాడిన లోనుకు మాత్రం పాత విధానంలో ఏడాదికి 30 వేల వడ్డీ వరకే మినహాయింపు. కొత్త విధానంలో అదీ లేదు. కాబట్టి ఏ భాగానికి ఎంత ఖర్చయిందో మొదటి రోజు నుంచే వేరువేరుగా రాసుకోండి.

అద్దె మీ ఇద్దరి వాటాల ప్రకారం లెక్కకు వస్తుంది. తమ్ముడు ఎన్నారై అయితే ఆయన వాటా అద్దెలో క్లినిక్కు డాక్టరుగారు టీడీఎస్ (అద్దె ఇచ్చేటప్పుడే మినహాయించి కట్టే పన్ను) పట్టుకోవాలి. ఈ సంగతి అగ్రిమెంటులోనే రాయించండి. బిల్లులు పారేయొద్దు. రేపు అమ్మాల్సి వస్తే, ఇంటి విలువ పెంచిన పనుల ఖర్చు క్యాపిటల్ గెయిన్స్ (అమ్మకంపై లాభం) లెక్కలో ఇంటి ఖరీదుకు కలుస్తుంది.

పన్నుకంటే నన్ను ఎక్కువ కంగారు పెట్టింది మీరన్న ‘గుహలకు దగ్గరగా’ అనే మాట. అవి కేంద్ర రక్షిత కట్టడాలు. వాటి హద్దు నుంచి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషేధం. మరమ్మతుకు కూడా ముందస్తు అనుమతి కావాలి. ఆ తర్వాతి 200 మీటర్లలోనూ అనుమతి తప్పనిసరి. అతిక్రమిస్తే రెండేళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ముందు సర్వేయరుతో దూరం కొలిపించండి. ఈ దూరాల లోపు ఉంటే నేషనల్ మాన్యుమెంట్స్ అథారిటీ (రక్షిత కట్టడాల చుట్టూ పనుల అనుమతులు చూసే కేంద్ర సంస్థ) అనుమతికి దరఖాస్తు పెట్టండి. ఆ కాగితం చేతికొచ్చాకే మేస్త్రీకి అడ్వాన్సు ఇవ్వండి.